ఒకే కప్పు కింద మూడు షిఫ్టులు

పెనుకొండలో బాడుగ ఇంటి కోసం తిరిగే కుర్రాడికి ఎదురయ్యే మొదటి ప్రశ్న "ఏ ఊరప్పా మీది?" అని. దాని వెనకే రెండోది: "ఎవరోళ్లు మీరు?" ఆ తర్వాత మూడోది: "నీసు వండుతారా?" ఈ మూడింటికీ ఇంటివాళ్లకు నచ్చే జవాబు చెప్పి తాళంచెవి చేతికి తీసుకున్నాక, ఆ కుర్రాడు బాడుగ పంచుకోవడానికి ఒక తోడు వెతుక్కుంటాడు. వచ్చినవాణ్ణి అతనూ ఇవే అడుగుతాడు. ఊరు కలిసిందా, మనోడేనా, ఎవరి ద్వారా వచ్చాడు. అంతటితో మాట ఖాయమైపోతుంది. నీ షిఫ్టు ఎప్పుడు, ఎన్నింటికి పడుకుంటావు, జీతం ఏ తేదీన పడుతుంది అని అడగాలన్న ఆలోచన ఎవరికీ రాదు. తర్వాత చెడేవన్నీ అక్కడే చెడతాయి.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ ఒకే రైలుమార్గం మీది ఊళ్లు. బెంగళూరు నుంచి గుంతకల్లు వైపు వచ్చే బండికి ముందు హిందూపురం, తర్వాత పెనుకొండ, ఆపైన ధర్మవరం జంక్షన్ తగులుతాయి. 2022 ఏప్రిల్ 4న శ్రీసత్యసాయి జిల్లా ఏర్పడ్డాక మూడూ ఆ జిల్లాలోకి వచ్చాయి. ఇళ్ల సంగతికొస్తే మాత్రం దేని కథ దానిదే. హిందూపురం బెంగళూరు అండన పెరిగిన వ్యాపార పట్టణం. తూమకుంట, గోళ్లాపురం పారిశ్రామికవాడలకు వచ్చేవాళ్లు అక్కడ గదులు వెతుక్కుంటారు. ధర్మవరంలో ఇల్లంటే మగ్గం కూడా. ఇక పెనుకొండ, 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత హంపీ వదిలి వచ్చిన విజయనగర రాజకుటుంబానికి ఆశ్రయమిచ్చి రాజధాని అయిన ఊరు. అంత పెద్ద ఎత్తున బయటివాళ్లకు ఇల్లు చూపించాల్సిన అవసరం దానికి మళ్లీ నాలుగున్నర శతాబ్దాల తర్వాత వచ్చింది.

2017 ఏప్రిల్‌లో కొరియా కార్ల సంస్థ కియా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర, 44వ జాతీయ రహదారి పక్కన 536 ఎకరాలు, 110 కోట్ల డాలర్ల పెట్టుబడి, ఏడాదికి 3 లక్షల కార్లు తయారుచేసే సామర్థ్యం. 2019 ఆగస్టు 8న మొదటి సెల్టోస్ కారు బయటికొచ్చింది. విడిభాగాల కంపెనీలు చుట్టూ వెలిశాయి. హైవే పక్కన కొరియా అక్షరాల బోర్డులతో హోటళ్లు వచ్చాయి. నగర పంచాయతీగా పెనుకొండ పాలకవర్గాన్ని ఎన్నుకున్నది 2021 నవంబరులో, అంటే కార్లు రోడ్డెక్కి రెండేళ్లు దాటాక. ఫ్యాక్టరీకి భూమి, నీళ్లు, కరెంటు, రోడ్డు ఎక్కడి నుంచి రావాలో ముందే కాగితం మీద ఉంది. అందులో పనిచేసేవాళ్లు ఎక్కడ పడుకోవాలన్న లెక్కను ఊరికే వదిలేశారు. ఊరు తనకు తోచినట్టు సర్దుకుంది: మిద్దె మీద ఇంకో మిద్దె లేచింది, వెనక రేకుల గది పడింది, పెద్ద హాలు మధ్యలో గోడ కట్టి రెండు చేశారు. బాడుగలు ఎగబాకాయి. ఒక్కడి జీతంతో ఇల్లు తీసుకోలేని ఐటీఐ, డిప్లొమా కుర్రాళ్లు ముగ్గురు నలుగురు కలిశారు.

ఇలా కలిసి ఉండటాన్ని తప్పనిసరి అవస్థగానే చూడటం మనకు అలవాటు. కుదిరిన తోడు దొరికితే మాత్రం ఇది సొంతూరు వదిలినవాడికి దొరికే మంచి జీవితాల్లో ఒకటి. జ్వరమొస్తే మాత్ర తెచ్చేవాడు, జీతం ఆలస్యమైతే వంద సర్దేవాడు, పండక్కి ఊరికి పోలేనప్పుడు కలిసి వండుకునేవాడు ఆ గదిలోనే ఉంటారు. అందుకే ఆ తోడును ఎంచుకునే పద్ధతి గురించి గట్టిగా మాట్లాడాలి.

ఊరు, కులం, తెలిసినవాడి మాట చూసి తోడును ఎంచుకోవడం వెనక ఒక లెక్క ఉంది. దాన్ని కొట్టిపారేయడం న్యాయం కాదు. పరాయి ఊళ్లో ఎవడైనా బాడుగ ఎగ్గొట్టి పోతే పోలీసు స్టేషన్‌కు వెళ్లి తేల్చుకునే తీరిక పన్నెండు గంటలు ఇంటి బయటే గడిపేవాడికి ఎక్కడిది? అదే మనూరోడైతే వాళ్ల నాయనకు ఫోన్ చేయొచ్చు, పెద్దమనుషుల్లో పెట్టొచ్చు. ఊరి బంధమే జామీను. కోర్టు, కాగితం, స్టేషను ఏవీ అందుబాటులో లేని మనిషి చేతిలో ఉన్న ఒకే ఒక్క హామీ అది. కానీ ఆ హామీ డబ్బు వరకే పనిచేస్తుంది. రాత్రి షిఫ్టు దిగి వచ్చి పొద్దున ఎనిమిదింటికి కన్ను మూసినవాడి పక్కన, పగటి షిఫ్టువాడు కుక్కర్ పెట్టి, ఫోన్లో పాటలు పెట్టుకుంటే పెద్దమనుషులు ఏం తీర్పు చెప్తారు?

రాత్రి పని అసలే ఒంటికి పడనిది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ రాత్రి షిఫ్టు పనిని క్యాన్సర్‌కు కారణమయ్యే అవకాశం ఉన్నవాటి జాబితాలో 2007లో చేర్చింది. 2019లో మళ్లీ పరిశీలించి అదే మాట చెప్పింది. వెలుతురు, చప్పుడు, ఎండ వేడి కలిసి పగటి నిద్రను ముక్కలు చేస్తాయి. రేకుల గదిలో ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం నిద్ర ఎలా ఉంటుందో రాయలసీమవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఇలాంటి గదిలో ముగ్గురు మూడు వేర్వేరు షిఫ్టుల్లో ఉంటే ఇరవైనాలుగు గంటల్లో ఏదో ఒక లైటు వెలుగుతూనే ఉంటుంది. ఎవరికీ పూర్తి రాత్రి అనేది దొరకదు. చాలా కంపెనీల్లో షిఫ్టులు వారం వారం మారతాయి, ఒక బ్యాచి మొత్తం కలిసి మారుతుంది. కాబట్టి ఒకే బ్యాచిలో పనిచేసే ఇద్దరు ఏ జిల్లా వాళ్లైనా, ఏ కులం వాళ్లైనా, ఒకే గదిలో హాయిగా నిద్రపోగలరు. సొంత అన్నదమ్ములే అయినా బ్యాచీలు వేరైతే ఆ సుఖం ఉండదు. ఈ మూడు ఊళ్లలో తోడు వెతుక్కునేవాడు ముందు అడగాల్సింది ఇదే.

తర్వాతది నీళ్లు. అనంతపురం సీమ దేశంలోనే అతి తక్కువ వాన పడే ప్రాంతాల్లో ఒకటి. హిందూపురం ఏళ్ల తరబడి ట్యాంకర్ల వెంట పరుగులు పెట్టిన ఊరు. పైపులైన్లు వచ్చాక ఆ బాధ కొంత తగ్గింది కానీ ఎండాకాలంలో సంపు అడుగంటితే ఇప్పటికీ ఇంట్లో ముఖాలు మాడతాయి. నలుగురున్న ఇంట్లో ఒకడు బకెట్టుతో సరిపెట్టుకుంటాడు, ఇంకొకడు రెండు పూటలా బట్టలు ఉతుకుతాడు. తాగే నీళ్ల క్యాను ఎవరు తేవాలి, మోటారు ఎవరు వేయాలి, కొళాయి వచ్చే గంటకు ఇంట్లో ఎవరు ఉండాలి? ఇవి చిన్నవిగా కనిపిస్తాయి గానీ, బాడుగ దగ్గర పడే గొడవలకంటే బిందె దగ్గర పడే గొడవలే ఎక్కువ చేదు మిగులుస్తాయి. బాడుగ నెలకొకసారి, నీళ్లు రోజూ.

వంటింటి సంగతి దీనికి భిన్నం, అక్కడ తేడాలు సర్దుకుంటాయి. సంగటి, ఊరిబిండితో పెరిగిన మడకశిర కుర్రాడు, రెండు పూటలా అన్నమే కావాలనే శ్రీకాకుళం కుర్రాడు, రొట్టెలు కాల్చుకునే బీహారీ ఒకే పొయ్యి మీద వండుకుంటే, ఏడాది తిరిగేసరికి ముగ్గురూ మూడు వంటలు నేర్చుకుంటారు. చిరునామా రుజువు లేనివాళ్లకూ గుర్తింపు కార్డు మీద దొరికే ఐదు కిలోల చిన్న సిలిండరు ఇలాంటి గదులకు పెద్ద ఊరట. చిక్కల్లా గిన్నెలు కడిగే వంతు దగ్గరే. మాంసం గొడవ కూడా తెచ్చేది సాధారణంగా లోపలివాళ్లు కాదు, పైన ఉండే ఇంటివాళ్లు.

ఇక్కడ ఒక తేడా గట్టిగా చెప్పాలి. తన గదిలో ఎవరితో కలిసి ఉండాలో ఎంచుకునే హక్కు ప్రతి మనిషికీ ఉంది. అమెరికాలో ఇళ్ల విషయంలో వివక్షను నిషేధించే చట్టం 1968 నుంచీ ఉంది. ఆ దేశపు తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు 2012లో రూమ్మేట్ డాట్ కామ్ కేసులో ఆ చట్టం ఒకే ఇంట్లో తోడుగా ఉండేవాళ్ల ఎంపికకు వర్తించదని చెప్పింది. వంటగది, స్నానాలగది, నిద్ర పంచుకునే సంబంధంలోకి ప్రభుత్వం చొరబడరాదన్నది ఆ తీర్పు సారం. అది సబబే. కానీ ఇంటి యజమాని పంచుకునేది తన పడకగది కాదు. అతను సొమ్ము తీసుకుని ఇల్లు ఇస్తున్నాడు, అది వ్యాపారం. ఆ వ్యాపారంలో కులం అడగడం వేరే విషయం.

1917లో అంబేద్కర్ విదేశీ చదువు నుంచి తిరిగొచ్చి బరోడా సంస్థానంలో ఉద్యోగానికి చేరాడు. హిందువుల వసతిగృహాలు తనను రానివ్వవని తెలిసి, పేరు మార్చుకుని పార్సీల సత్రంలో దిగాడు. సంగతి తెలిసిన పార్సీలు కర్రలు పట్టుకుని వచ్చి ఖాళీ చేయమన్నారు. కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన మనిషికి తలదాచుకునే చోటు దొరకక ఆ సాయంత్రం ఒక తోటలో కూర్చుని కన్నీళ్లు పెట్టుకోవాల్సి వచ్చింది. ఇది గతం అనుకుని ఊరుకోవడానికి వీల్లేదు. ఆర్థికశాస్త్రవేత్త సుఖదేవ్ థోరాట్, ఆయన సహచరులు ఢిల్లీ, దాని చుట్టుపక్కల నగరాల్లో బాడుగ ఇళ్ల కోసం ఫోన్లు చేయించి, మనుషులను పంపించి పరీక్షించి చూశారు. పేరు అగ్రకులానిదైతే తెరుచుకున్న తలుపు దళితుడి పేరుకు, ముస్లిం పేరుకు మూసుకుపోవడాన్ని వాళ్ల అధ్యయనం 2015లో లెక్కలతో చూపించింది. మన ఊళ్లలో ఫోను కూడా అక్కర్లేదు. "ఎవరోళ్లు?" అని ముఖం మీదే అడుగుతారు. అబద్ధం చెప్పి గది తీసుకున్నవాడు ఆ అబద్ధాన్ని రోజూ మోస్తూ బతుకుతాడు. సొంత తోడుకు కూడా నిజం చెప్పలేడు. అలాంటి గదిలో స్నేహం ఎట్లా పుడుతుంది?

ఆడపిల్లల విషయం ఇంకా కష్టం. హిందూపురం చుట్టూ ఉన్న దుస్తుల ఫ్యాక్టరీల్లో కుట్టుమిషన్ల మీద కూర్చునేది ఎక్కువగా ఆడవాళ్లే. చాలామంది పల్లె నుంచి బస్సులో వచ్చిపోతారు. వచ్చిపోయే ప్రయాణం రోజుకు మూడు గంటలు తినేస్తున్నా, ఇద్దరు ముగ్గురు కలిసి ఇల్లు తీసుకోవాలంటే ముందు ఇంట్లో ఒప్పుకోరు, తర్వాత ఇంటివాళ్లు ఒప్పుకోరు. "ఫ్యామిలీకే ఇస్తాం" అన్న మాట వాళ్లకు మగవాళ్లకంటే రెట్టింపు గట్టిగా వినిపిస్తుంది. ఒకవేళ ఇచ్చినా పొద్దు వాలకముందే రావాలని, అన్న తప్ప మగమనిషి గడప తొక్కకూడదని షరతులు. ఓవర్‌టైమ్ చేసి వచ్చే అమ్మాయికి ఎనిమిది గంటలకు తలుపు తీయని ఇల్లు ఇల్లు కాదు. కలిసి పనిచేసే అక్కచెల్లెళ్ల వయసు ఆడవాళ్లు ముగ్గురు ఒకే ఇంట్లో ఉండటం ఆ ఊరికి పరువు తక్కువ కాదని ఇంటి యజమానులకు చెప్పాల్సినవాళ్లు వార్డు కౌన్సిలర్లు, ఫ్యాక్టరీల మేనేజర్లు, పిల్లల తల్లిదండ్రులు. ఎవరూ చెప్పడం లేదు.

ధర్మవరం దగ్గరికొస్తే ఇల్లు పంచుకోవడానికి కొలతలే మారిపోతాయి. పట్టుచీరలకు భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న ఆ ఊళ్లో గుంత మగ్గం ఇంటి నడిమధ్యలో ఉంటుంది. నేత కార్మికుడు బాడుగ ఇల్లు చూసేటప్పుడు పడకగది తర్వాత చూస్తాడు. ముందు చూసేది హాలు పొడవు, నేలలో గుంత తవ్వడానికి యజమాని ఒప్పుకుంటాడా లేదా, వానాకాలంలో ఆ గుంతలోకి నీళ్లు ఊరుతాయా అన్నవి. ఊరితే మగ్గం ఆగుతుంది, కూలి ఆగుతుంది. రెండు కుటుంబాలు ఒక ఇంట్లో ఉంటే పగలంతా మగ్గం చప్పుడు రెండు కుటుంబాలదీ. చీర నేసే ఇంటివాళ్లకు తోడుగా రైల్వేలో రాత్రి డ్యూటీ చేసేవాడు దిగితే ఇద్దరికీ నరకమే. అదే ఇంకో నేత కుటుంబం దిగితే ఒకరి చప్పుడు ఇంకొకరికి చప్పుడే అనిపించదు, అచ్చు అతికేటప్పుడు ఒకరికొకరు చేయి సాయం కూడా.

ఆ ఊళ్లో మగ్గం ఎవరిదన్న ప్రశ్నకు ప్రభుత్వ లెక్కల్లోనూ విలువ ఉంది. 2019 డిసెంబరు 21న ధర్మవరంలోనే మొదలైన నేతన్న నేస్తం పథకం ఏడాదికి 24 వేల రూపాయలు ఇచ్చింది, సొంత మగ్గం ఉన్న కుటుంబానికి మాత్రమే. ఒకరి ఇంట్లో, ఒకరి మగ్గం మీద కూలికి నేసేవాడి పేరు అందులో లేదు. ఇల్లు పంచుకుని, మగ్గం పంచుకుని బతికే మనిషి కాగితం మీద కనిపించకపోతే ఏం జరుగుతుందో ధర్మవరానికి బాగా తెలుసు.

ఈ కాగితం సంగతే పెనుకొండ, హిందూపురాల్లోని కుర్రాళ్లకూ ఎక్కువ నష్టం చేస్తోంది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాదికి మించిన లీజును రిజిస్టరు చేయించాలి. అందుకే అందరూ 11 నెలల అగ్రిమెంటు రాసుకుంటారు. అదీ సాధారణంగా ఒక్కడి పేరు మీదే. మిగతా ముగ్గురూ అడ్వాన్సులో తమ వాటా ఇస్తారు, నెలనెలా బాడుగ ఇస్తారు, కానీ ఆ ఇంట్లో వాళ్లు ఉన్నట్టు ఎక్కడా రాత ఉండదు. పేరున్నవాడికి శ్రీసిటీలోనో బెంగళూరులోనో మంచి ఉద్యోగం దొరికి వెళ్లిపోతే? అడ్వాన్సు అతనికి తిరిగొస్తుంది. మిగిలినవాళ్లను యజమాని "మీరెవరు?" అంటాడు. అనుమతి రాయించుకోకుండా ఇంకొకరిని పెట్టుకోవడాన్ని బాడుగ చట్టం ఖాళీ చేయించడానికి ఒక కారణంగా చూపుతుంది. అంటే నష్టపోయినవాడే చట్టం ముందు అతిక్రమణ చేసినవాడిలా నిలబడతాడు. అమెరికాలో చదువుకునే మన తెలుగు పిల్లలు నలుగురు ఒక అపార్ట్‌మెంటు తీసుకుంటే సాధారణంగా నలుగురి పేర్లూ లీజులో ఉంటాయి, ఒకడు కట్టకపోతే మిగతావాళ్లు కట్టాలన్న బాధ్యత కూడా ఉంటుంది. బరువు ఎక్కువే, కానీ ఎవరూ కనిపించనివాళ్లు కారు.

2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు అడ్వాన్సు రెండు నెలల బాడుగకు మించరాదని, లిఖితపూర్వక ఒప్పందం ఉండాలని చెప్పింది. అది నమూనా మాత్రమే, అమలు చేయాల్సింది రాష్ట్రాలు. బెంగళూరు అలవాటు ప్రకారం పది నెలల అడ్వాన్సు అడిగే చోట నుంచి వచ్చే కుర్రాడికి రెండు నెలల మాట వరంలా వినిపిస్తుంది. మొత్తం ఒకేసారి ఇచ్చి బాడుగ లేకుండా ఉండే లీజు పద్ధతి కూడా బెంగళూరులో బాగా ఉంది. కియాతో వచ్చిన కొరియావాళ్లకు ఇది వింతగా తోచి ఉండదు. వాళ్ల దేశంలో జోన్సే పేరుతో ఇదే పద్ధతి తరాలుగా నడుస్తోంది. అక్కడ ఇటీవలి సంవత్సరాల్లో యజమానులు ఆ పెద్ద మొత్తాలు తిరిగివ్వలేక వేలమంది యువత మోసపోయారు, అది జాతీయ సమస్య అయింది. పెద్ద మొత్తం ఇచ్చి నలుగురు కలిసి ఇల్లు తీసుకోవాలనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

పక్క రాష్ట్రం ఇంకో దారి పట్టింది. తమిళనాడులో శ్రీపెరుంబుదూరు దగ్గర హాస్టల్ తిండి తిని కార్మికులు జబ్బుపడ్డాక, 2021 డిసెంబరులో ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీలో పనిచేసే ఆడవాళ్లు చెన్నై–బెంగళూరు రహదారి మీద బైఠాయించారు. 2024 ఆగస్టులో వల్లం వడగాల్‌లో 18,720 మంది ఉండే వసతి సముదాయాన్ని ఆ ప్రభుత్వం ప్రారంభించింది. కేంద్రం కూడా 2024 జులై బడ్జెట్‌లో పారిశ్రామిక కార్మికులకు డార్మిటరీ తరహా ఇళ్లు కట్టిస్తామని ప్రకటించింది. శుభ్రమైన మంచం, నీళ్లు, భద్రత ఇవ్వడం చిన్న మేలు కాదు. ఎర్రమంచి చుట్టూ అలాంటివి రావాలి కూడా. కానీ పక్క మంచం మీద ఎవరుండాలో అక్కడ వార్డెన్ నిర్ణయిస్తుంది. ఉద్యోగం పోయిన రోజే మంచమూ పోతుంది. ఊళ్లో నలుగురు కలిసి తీసుకున్న ఇంట్లో ఉద్యోగం మారినా ఇల్లు మారదు, కిరాణా కొట్టు శెట్టి అప్పు ఇస్తాడు, పక్కింటి అవ్వ పలకరిస్తుంది. ఆ మనిషి ఊరివాడవుతాడు. ప్రభుత్వాలు డార్మిటరీలకు పెట్టే శ్రద్ధలో పావు వంతు ఈ బాడుగ ఇళ్ల మీద పెట్టినా చాలా మారుతుంది.

చేయాల్సినవి పెద్దవేమీ కావు. కంపెనీలు తమ నోటీసు బోర్డు మీద బ్యాచి వారీగా గది కావాల్సినవాళ్ల జాబితా పెడితే షిఫ్టు కలిసినవాళ్లు ఒకరినొకరు వెతుక్కోగలరు. దానికి పైసా ఖర్చు లేదు. మున్సిపాలిటీ నలుగురి పేర్లకూ చోటున్న ఒక బాడుగ ఒప్పందం నమూనాను తెలుగులో అచ్చువేసి వార్డు సచివాలయంలో పెట్టొచ్చు. అందులో ఎవరి అడ్వాన్సు ఎంత, ఒకరు వెళ్లిపోతే కొత్తవాణ్ణి ఎవరు ఒప్పుకోవాలి, ఎన్ని రోజుల ముందు చెప్పాలి అన్న గడులు ఉంటే, పెద్దమనుషుల దగ్గరికి పోయే గొడవల్లో చాలా భాగం గడపలోనే తీరిపోతాయి. పోలీసులు బాడుగకున్నవాళ్ల వివరాలు అడిగినప్పుడు అదే కాగితం చూపించొచ్చు. కులం గడి ఆ కాగితంలో ఉండకూడదు.

కుర్రాళ్లు చేయాల్సింది ఇంకా సులువు. గది చూడ్డానికి కొత్తవాడు వచ్చినప్పుడు టీ తాగించి, ఊరు పేరు తర్వాత అడిగినా ఫర్వాలేదు, ఈ నాలుగూ ముందు అడగాలి: ఏ బ్యాచి, జీతం ఏ తేదీకి, రాత్రి ఎన్నింటికి లైటు ఆర్పుతావు, ఊరినుంచి వాళ్లు వస్తే ఎన్నాళ్లు ఉంటారు. నాలుగో ప్రశ్న అడగడానికి మొహమాటం అడ్డొస్తుంది. అమ్మ వస్తే, తమ్ముడు ఇంటర్వ్యూకి వస్తే ఎట్లా వద్దంటాం? వద్దనక్కర్లేదు. రెండు రాత్రులా, రెండు వారాలా అన్నది ముందే మాట్లాడుకుంటే చాలు. ఒక నెల కలిసి ఉండి చూసి, అడ్వాన్సు ఆ తర్వాతే ఇచ్చేట్టు ఒప్పందం చేసుకుంటే ఇద్దరికీ మర్యాదగా విడిపోయే వీలు ఉంటుంది. ఆ నెలలో ఎండాకాలపు వారం ఒకటీ, రాత్రి షిఫ్టు వారం ఒకటీ ఉండేట్టు చూసుకుంటే మరీ మంచిది.